నీలం మూతలు, తెల్ల మూతలు

హలో… ఆ, నేనే సార్. అరుంధతినే.

…

మీ నంబరు తీసెయ్యలేదు. 'రఘురాం సార్' అనే ఉన్నాది ఇంకా… లేదు, ఆశ్చర్యమేటీ లేదు. ఎదురుచూస్తన్నాను.

…

బాగున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటన్నాను. మీరు పొమ్మన్నాక ఇంకే ల్యాబ్‌వాళ్ళూ రమ్మన్లేదు మరి. 'చెయ్యి కుదురు లేని పిల్ల' అని అందరికీ చెప్పినారు కదేటి… పోన్లెండి. అది ఇప్పుడెందుకు.

చెప్పండి. ఊరికే చెయ్యరు కదా మీరు.

…

ఆ, సాయంత్రం మందు ప్రకటించే మీటింగని తెలుసు. టీవీలో కింద ఎర్రక్షరాలు పోతన్నాయి కదా — మోటార్ న్యూరాన్ జబ్బుకి కోల్‌కతాలో మందు అని. చేతులు పడిపోయి, కాళ్ళు పడిపోయి, ఆఖరికి మింగుడు కూడా పడనోళ్ళు ఎంతమంది చూసుంటారో ఆ అక్షరాలు. మా పక్కింటావిడ దండం పెట్టినాది టీవీకి.

…

రిపోర్టా? ఏ రిపోర్టు… ఓ. మీరు మందు వేసి చూసిన డిష్‌లో కణాలు ఎవరివో తేల్చే డీఎన్ఏ పరీక్ష. ఎవరడిగినారు, మీ పరిశోధన అచ్చేసిన సైన్సు పత్రికవాళ్ళా… ఊఁ… కణాలిచ్చిన పేషెంటు, కోదండం బాబాయి, దాచిన రక్తంతో కలవలేదు… ఏటన్నారు? ఇంకోసారి చెప్పండి సార్, ఓడరేవు లారీ వెళ్తంది ఇక్కడ… ఆడమనిషివా.

నవ్వట్లేదు సార్. దగ్గొచ్చినాది.

…

నా పొరపాటా. వయల్స్ మీద, ఆ కణాల సీసాల మీద, పేర్లు నేనే తప్పు రాసినానంటారు… ఊఁ… ఊఁ… చెప్పండి, వింటన్నాను. మీరు చెప్తే నేను వినడం, ల్యాబ్‌లో అలవాటైన పనే కదా.

…

ఆ పొరపాటు నాదేనని ఒప్పుకుని రాసిచ్చెయ్యాలి. ఇస్తే పరిశోధన పేపర్లో నా పేరు చేరుస్తారు… మొదటి పేరా! అబ్బో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టున్నాది సార్. ఆ కణాలు చర్మంలోంచి తీసి, నెలల తరబడి మేపి, నరాల కణాలుగా మార్చినది నేను. నాది నాకే ఇస్తానంటన్నారు.

కోపం కాదు. ఒకటి అడుగుతాను, చెప్పండి. ఆ వయల్స్ ఎప్పుడు పట్టుకెళ్ళినారు?

…

గుర్తులేకపోతే నేను చెప్తాను. దుర్గాపూజల్లో, అష్టమి నాడు. ఊరంతా అమ్మవారి పందిళ్ళలో ఉన్నాది, ల్యాబ్‌కి తాళం ఉన్నాది. మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉన్నాది. కొత్త కంపెనీవాళ్ళకి చూపించడానికి కణాలు కావాలి మీకు. సెలవులయ్యి నేనొచ్చేసరికి పెట్టె లేదు, నా ఉద్యోగమూ లేదు.

…

దొంగతనమని నేనన్లేదు. మీరే అంటన్నారు.

సరే, వినండి. పూజ సెలవుల్లో, కణాల్ని గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ బండి రాదు. ట్యాంకు ఎండిపోతే కణాలు చచ్చిపోతాయి. అంచేత ఏటేటా మహాలయ అమావాస్య వెళ్ళగానే, జయంత్ దా, నేను — ఆ, టెక్నీషియన్ జయంత్ దాయే — పేషెంట్ల కణాలు చిన్న క్యాన్లో పెట్టుకుని టాక్సీలో పట్టుకెళ్ళి, జాదవ్‌పూర్ వైపు ఇంకో సంస్థ ట్యాంకులో దాచొస్తాం. అక్కడ పూజల్లో కూడా మనిషుంటాడు. ఆ ఏడూ అలాగే దాచినాం.

…

మీకెలా తెలుస్తాది సార్. మీరు ట్యాంకు మూత తీసి ఎన్నేళ్ళయ్యిందో. మీది పక్కనున్న గాజు గది. పేపర్లు అక్కడ పుడతాయి, కణాలు కాదు.

ఆ క్యాన్లో అన్నీ పట్టవు. పేషెంట్లవి పట్టుకెళ్తాం. పక్కన పోల్చుకోడానికి ఉంచే జబ్బు లేని మనుషులవి వదిలేస్తాం. పోతే మళ్ళీ తీసుకోవచ్చని. రెండూ ఉండేది ఒకే పెట్టెలో సార్. పెట్టె మీద కోదండం అని రాసుంటాది. లోపల నీలం మూతలు బాబాయివి, తెల్ల మూతలు జబ్బు లేని మనిషివి.

మీరు పట్టుకెళ్ళినవి ఏ రంగు?

…

తొందరేం లేదు. గుర్తుచేసుకోండి.

…

తెల్లవి… ఆ. అదే.

పేరు తప్పు రాయలేదు సార్ నేను. మీరు పెట్టె మీద పేరు చూసినారు, మూత రంగు చూళ్ళేదు.

…

ఎవరా? ఆ ఆడమనిషి ఎవరో మీకే తెలియాలి. బాబాయి తమ్ముడు దుర్గారావు, పోల్చుకోడానికి చర్మం ముక్క ఇస్తానని వచ్చి, కత్తి చూసి పారిపోయినాడు గుర్తుందా. మీరు గాజు గదిలోంచి లేవకుండానే అన్నారు — 'దానికేముంది అరుంధతీ, నువ్వే ఇచ్చెయ్, నీకేం జబ్బు లేదుగా' అని. నా మోచెయ్యి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నాది.

…

అవును. నేనే.

…

ఫోను పెట్టెయ్యకండి సార్, వినండి.

అప్పట్నుంచీ మీ ఇంక్యుబేటర్లో మీరు పెంచినది నన్నే. గుమ్మంలోంచి గెంటేసిన మనిషికి రోజు విడిచి రోజు మేత మార్చి, వేడి చూసి, కళ్ళలో వత్తులేసుకుని కాపాడినారు. చెయ్యి కుదురు లేని పిల్ల కణాలు కుదురుగానే పెరిగినట్టున్నాయి. పత్రిక కవరు మీద అచ్చేసినారు కదా, పచ్చగా మెరుస్తా. చూసి మురిసిపోయినాను.

…

మందు పనిచేసిందంటారా? దేని మీద? జబ్బున్న నరంలో ప్రోటీను ముద్దకట్టుకుపోతాది. నా నరాల్లో ముద్దలే లేవు సార్, కరగడానికి. మందు వెయ్యని డిష్ ఒకటి పక్కన పెట్టుకుని ఉంటే తెలిసిపోను. మొదటేడు పిల్లలకి చెప్తాను నేనా పాఠం… ఎందుకు పెట్టలేదు? నేను తీసిన పాత ఫోటోలున్నాయని. ఔనా. మందుకి ముందు ఫోటోలు బాబాయి కణాలవి, నేను తీసినవి. మందు తరవాత ఫోటోలు నా కణాలవి, మీరు తీసినవి. ఒక మనిషి జబ్బుని ఇంకో మనిషి ఆరోగ్యం పక్కన పెట్టి, నయమైపోయినాదని ఊరంతా చాటినారు.

…

పత్రికవాళ్ళకి అనుమానం ఊరికే రాలేదు. కణాలెవరివో పరీక్ష చేయించమనండి అని రాసినది నేనే.

…

అరవకండి. పక్కన మనుషులుంటారు మీకు.

…

కోర్టుకా. వెళ్ళండి. అక్కడ కూడా నా రక్తం అడుగుతారు. ఇస్తాను.

…

కక్షే సార్. వేరే పేరు పెట్టను. కక్షే. నన్ను గెంటినందుకని అనుకుంటన్నారేమో, అది ఎప్పుడో అరిగిపోయినాది. కోదండం బాబాయి మా సందులోవాడు. కార్పొరేషన్ పంపుహౌస్‌లో స్పానరు చేతిలోంచి జారిపోతందని మొట్టమొదట నాకు చెప్పినాడు. నేనే మీ దగ్గరికి తెచ్చినాను. చర్మం తీసుకున్న రోజు అడిగినాడు — 'నా తోలు ఎవుడికైనా పనికొస్తాదేటమ్మా?' అని. మీరు భుజం తట్టి, ప్రపంచమంతా తిరుగుతాది మీ తోలు అన్నారు. ఆ మాట పంపుహౌస్‌లో అందరికీ చెప్పుకున్నాడు.

ఆయన్ని వాళ్ళావిడ అప్పమ్మ పిన్ని చక్రాల కుర్చీలో తోసుకుని మీ కొత్త ఆఫీసుకొచ్చినాది, ఏమైనా తేలిందేమో కనుక్కుందామని. అప్పటికి మాట పోయినాది. మీ సెక్రటరీ పుష్పరాణి చేత మీటింగులో ఉన్నారని చెప్పించినారు. అద్దంలోంచి మీరు కనబడతానే ఉన్నారట, టీ తాగుతా. బాబాయి కనురెప్పలతోటి చెప్పినాడట పిన్నికి, వెళ్ళిపోదాం అని. ఆ వేసవిలోనే పోయినాడు.

…

తెలీదంటే ఎలాగ. పోయినాడని కబురు పెట్టినాను కదా. దానికీ మీటింగే అడ్డొచ్చినాది.

…

ముందే చెప్పొచ్చుగా అంటారు. చెప్దామనే చేసినాను. నా పేరు వినగానే ఫోను పెట్టేసేది మీ పుష్పరాణి. ఆ తరవాత మానేసినాను. ఎక్కనీ అనుకున్నాను. ఎంత ఎత్తుకెక్కితే అంత బాగా కనబడతాడు ఊరికి, అనుకున్నాను. అబద్ధమెందుకు.

కానీ ఇప్పుడు దుర్గారావు బాబాయికి కూడా మొదలయ్యినాది. వేళ్ళు పట్టివ్వట్లేదు. ఆ ఇంట్లో రక్తంలోనే ఉన్నాది మరి. మీరు మనిషిని పంపినారు — మొదటి పేషెంటువి నువ్వే, వేదిక మీద కూర్చో అని. డాక్టరిచ్చిన పాత మాత్రలు ఆపెయ్యమన్నారు కూడా. అది విన్నాక ఇంక ఆగలేదు. పత్రికకి రాసినది ఆ రోజే. మాత్రలు మళ్ళీ మొదలెట్టించినాను.

…

నీలం మూతలా? ఉన్నాయి. జాదవ్‌పూర్ వైపు నైట్రోజన్లో భద్రంగా ఉన్నాయి. మీ మందు వాటి మీద ఎవరూ వేసి చూళ్ళేదు. పనిచేస్తాదో లేదో నాకూ తెలీదు, మీకూ తెలీదు. దుర్గారావు బాబాయి ఒంట్లోనే వేసి చూసేద్దామనుకున్నారు.

…

మీకు కావాలా… నేనివ్వలేను సార్. అప్పమ్మ పిన్ని సరేనంటేనే అవి కదులుతాయి.

…

మీటింగు ఆపేస్తారా? ఒంట్లో బాగోలేదని చెప్పేసి, నెమ్మదిగా సర్దుకుంటారు. తరవాత తప్పు నా మీదికి తోస్తారు. ఊహూఁ. ఆ దారి మూసేసినాను. పరీక్ష కాగితం పత్రికవాళ్ళ దగ్గర కూడా ఉన్నాది కదా.

…

నేనా? ఎక్కడుంటాను, మా వాట్‌గంజ్ సందులోనే. పిన్ని వాళ్ళింట్లో. మీరు పంపిన కారు వచ్చేసినాది. సందులోకి పట్టదు, చివర ఆగున్నాది. పిల్లలు చుట్టూ మూగినారు.

…

ఆ, తయారవుతన్నాడు. ఇస్త్రీ చొక్కా. వేళ్ళు ఆడవు కదా, వాళ్ళ వదినే గుండీలు పెడతంది.

…

వాళ్ళకి తెలుసు సార్. కణాల సంగతంతా ఇద్దరికీ పొద్దున్నే చెప్పీసినాను… లేదు, ఏడవలేదు. పిన్ని అంతా విని, లేచెళ్ళి ఆ చొక్కా ఇస్త్రీ చేసినాది.

…

నన్నా? నాకు వద్దు మీ క్షమాపణ. నేనేం చేసుకోను. చెప్పవలసినది ఆవిడకి. వాళ్ళాయన చర్మం ప్రపంచమంతా తిరగలేదని, మీరసలు దాన్ని చూడనే లేదని, మీ నోటితో చెప్పండి. ఫోనిస్తన్నాను…

మీటింగులో లేరు కదా ఇప్పుడు?

పిన్నీ, ఇలా రా. రఘురాం గారు. నీతో మాట్లాడతారట. చెవికి ఆనించి పట్టుకో.

…

…

ఏటంటన్నాడు?

…

ఏటీ అన్లేదా. ఊపిరొకటే వినబడతందా… ఇలాగియ్యి. హలో. సార్. హలో —

పెట్టేసినాడు.

పర్లేదు పిన్నీ. ఆ మెడ దగ్గర గుండీ కూడా పెట్టెయ్. బాబాయ్, నా భుజం పట్టుకుని లే. ఆయన పిలిచిన మీటింగే, ఆయన పంపిన కారే. వేదిక మీద నీకు కుర్చీ వేసినారట, మైకూ పెట్టినారట. పద, వెళ్ళి కూర్చుందాం.