ఎలుకలకు అగరొత్తులు

తొయామా పట్టణంలోని పరిశోధనశాల పెరట్లో, ఏటా లాగే, ప్రయోగాల్లో చచ్చిన ఎలుకల పేర నిలిపిన రాయి ముందు అగరొత్తులు వెలిగించారు. కబురందుకుని వచ్చిన పియర్ పళ్ల తోట రైతు ఆ పొగకు దూరంగా నిలబడ్డాడు. నిరుడు అతని భార్య క్యాన్సరుతో పోయింది. అక్కడ పరిశోధన నడిపే ఆచార్యుడు అతన్ని పక్కకు పిలిచాడు.

"క్యాన్సరు జాడ చెప్పే కొత్త ప్రొటీనొకటి మీ ఆవిడ పరిశోధనకిచ్చిన రక్తంలోనే దొరికిందండీ. ఇక క్యాన్సరును ముందే పట్టేయొచ్చు."

"ఎప్పుడు దొరికింది?"

"రెండేళ్ల కిందట, చలి తగ్గాక."

"అప్పుడు మా కజుయో గ్యాస్ నొప్పి అనుకుని మాత్రలు మింగుతోంది. ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"అప్పటికింకా రుజువు కాలేదండీ. పైగా రక్తమిచ్చినవాళ్లకు ఫలితం చెప్పకూడదని నిబంధన."

"ఎలుకలకు దండం పెట్టమన్నది కూడా నిబంధనేనా?"

"అది మా కృతజ్ఞతండీ."

"థూ!"

ఆచార్యుడు తల వంచుకునే కాగితం చాపాడు.

"మీ అమ్మాయికి పదిహేనేళ్లే కదా, తండ్రి సంతకం కావాలి. తన రక్తం కూడా చూస్తాం."

"దానిలో ఏమన్నా కనిపిస్తే నాకు చెబుతానని రాసివ్వండి."

"నిబంధన ఒప్పుకోదండీ."

రైతు ఆ కాగితాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు.

"అయితే ఆ నిబంధన ఒంట్లోంచే తీసుకోండి రక్తం."