ఆఖరి బిందె

గురవమ్మ కుళాయి ఆగదంట. ఊరంతా ఆగినా ఆమెది ఆగదంట. అదీ ఆమె గొప్ప. గురివిందపాలెం అని మా ఆడబిడ్డనిచ్చిన ఊరు, ఆ ఊళ్లో పడమటి వీధి, ఆ వీధిలో ఈ గురవమ్మ. పొద్దున్నే ఇత్తడి బిందె చంకనేసుకుని, "యలమంద నీళ్లు కట్టేసి ఇంటికి పోయి కాళ్లు కడుక్కున్నా సరే, నా కుళాయికి ఇంకో బిందె వచ్చిద్ది" అని అందరికీ వినపడేటట్టు చెప్పేదంట. యలమంద అంటే ట్యాంకీకాడ వాల్వు తిప్పి ఊరికి నీళ్లు వదిలేవాడనుకో. వాడు కట్టేశాడంటే ఇక రేపటిదాకా ఎవరికీ చుక్క రాదు. అట్టాంటిది ఈమెకి మాత్రం ఇంకో బిందె. మరి కట్టేసినాక కూడా వచ్చే నీళ్లు యాడనించి వస్తన్నయ్యి అని ఒక్కరన్నా అడిగారా? అడగలా. ఆమె అడగలా, వాళ్లాయన అడగలా, ఊరు అడగలా. కుళ్లుకున్నారంతే. ఆ ఆఖరి బిందె చుట్టూనే ఈ కథంతా. సరిగ్గా వినండి. మధ్యలో లేచిపోయేవాళ్లు ఇప్పుడే లేవండి, నేను మళ్లీ మొదటినించీ చెప్పేదాన్ని కాదు.

ఏమైందంటే, ఆ ఊరి ట్యాంకీ తూర్పున దిబ్బ మీద ఉంది. అక్కణ్నించి పైపు పడమటి వీధిదాకా వచ్చేసరికి నీళ్లకి ఊపిరి పోయేది. కుళాయి మోకాలెత్తున ఉంటే సన్నగా దారప్పోగులాగా పడేవి. బిందె నిండేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయేది. అప్పుడు చెంచయ్య అని ఒక తెలివిగలోడు, "నీళ్లు పల్లానికి గదా పారేది, ఆ పల్లమేదో నా వాకిట్లోనే చేస్తా" అని ఇంటి ముందు గుంత తవ్వి, కుళాయి తల పీకేసి, పైపు కోసి గుంతలోకి దించాడంట. బిందె గుంతలో పెట్టాడు, బుడబుడా నిండింది. ఇంకేముంది, తెల్లారేసరికి వీధంతా పలుగూ పారే. ఎవరింటి ముందు చూసినా గుంత, అందులోకి దిగి నీళ్లు పట్టుకునే ఆడోళ్లు. సరే, పట్టుకున్నావు. పట్టుకున్నాక గుంతలో మిగిలిన నీళ్లేమవుతయ్యి? అక్కడే ఉంటయ్యి. అందులోనే అంట్లు కడుగుడు, అందులోనే కాళ్లు కడుగుడు, ఆ ఒడ్డునే గుడ్డలు ఉతుకుడు, దూడ వచ్చి అందులోనే మూతి పెట్టుడు. పైపు మూతేమో ఆ మురుగులో మునిగి ఉంటది, మూయటానికి తల లేదు గదా, పీకేశారుగా. మా అమ్మైతే చెంబు ముంచేటప్పుడు వేళ్లు నీళ్లకి తగిలితేనే కుండడు నీళ్లూ పారబోయించేది. వీళ్లు పైపు నోటిని మురుగులో ముంచిపెట్టుకుని, పట్టుకునే ముందు బిందెని మాత్రం చింతపండేసి తళతళా తోమేవాళ్లంట. బిందె తళతళలాడాలంట! ఏం చెప్పాలమ్మా వీళ్లకి?

ఇప్పుడు గురవమ్మకి ఎదురిల్లు నాంచారమ్మది. ఇద్దరూ వియ్యపురాళ్లు. గురవమ్మ కూతురు మల్లేశ్వరిని నాంచారమ్మ కొడుక్కే ఇచ్చారు. రోడ్డు దాటితే పుట్టిల్లు, తిరిగి దాటితే అత్తిల్లు. పైపు ఒకటే, అది వీళ్లకోటీ వాళ్లకోటీ చీలింది. మనవడూ ఒకడే, ఏడాది నిండినోడు, వాడూ అట్టాగే కాసేపీ చంకన, కాసేపా చంకన. ఇక వీళ్లిద్దరికీ గుంతల పోటీ అనుకో. ఈమె జానెడు తవ్విందంటే ఆమె కుళాయి సన్నబడేది. నాంచారమ్మ గడప మీద నిలబడి, "ఏం వదినా, పాతాళంలో చుట్టాలెవరన్నా ఉన్నారా, అంత ఇదిగా తవ్వుతున్నావు?" అనేదంట. "నా వాకిలి, నా గుంత. నీకు ఓపిక లేకపోతే మా అల్లుడితో తవ్వించుకో" అనేది ఈమె. అల్లుడంటే ఎవరు, నాంచారమ్మ కొడుకే గదా. వాడు పాపం పొద్దున తల్లి గుంత, సందేళ అత్త గుంత. ఒక వారం ఈమెది లోతు, పై వారం ఆమెది లోతు. ఎవరిది లోతైతే ఆ ఆఖరి బిందె వాళ్లది. యలమంద కట్టేసినాక కూడా గుడగుడమంటా వచ్చే బిందె.

అక్కడితో పోయినా పోనీలే అనుకుందును. ఆ ఆఖరి బిందెని ఏం చేసేవాళ్లనుకున్నారు? మొదటి బిందెలో తుప్పు వచ్చిద్ది, మధ్య బిందెల్లో బ్లీచింగు కంపు, ఆఖరిది మాత్రం తేటగా, ఏ వాసనా లేకుండా ఉంటదని, దానికి గుడ్డ కట్టి మూత పెట్టి మనవడి కోసమని దాచేవాళ్లంట. ఇద్దరూ అంతే. ఒకళ్లు చేసేది ఇంకొకళ్లకి తెలియదు. వాసన లేదంటే అందులో మందు లేదని గదా అర్థం, మందు లేకపోతే పురుగు చచ్చేదెట్టా? ఆ ఆలోచన లేదు. ప్రేమ! ప్రేముంటే చాలనుకున్నారు.

పిల్లోడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయ్యి. తగ్గుతయ్యి, మళ్లీ వస్తయ్యి. నాంచారమ్మేమో, "మీ అమ్మ పెట్టిన జున్ను అరగలా" అందంట కోడలితో. గురవమ్మేమో, "మీ అత్త చూపు తగిలింది, ఉప్పు దిగదుడువు" అందంట కూతురితో. సర్కారు ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. ట్యాంకీ నీళ్లు చిన్న సీసాలో పోసి మందు చుక్క వేసి చూస్తే పసుప్పచ్చగా తిరిగినయ్యి. "ట్యాంకీలో బ్లీచింగు సరిపడా ఉంది, ట్యాంకీ నీళ్లు బాగున్నయ్యి. అయినా మీరు కాచి చల్లార్చి పట్టండి" అని చెప్పి, ఉప్పూ పంచదారా కలిసిన పొట్లాలిచ్చి పోయింది. బాగున్నయ్యంటే ఊరికి కోపం వచ్చింది! ఆమె యలమందతో కుమ్మక్కయిందన్నారు. యలమందనడిగితే వాడు, "నేను తిప్పేవాణ్నే గానీ తాగేవాణ్ని కాదు, మా ఇంటికాడ బోరుంది" అన్నాడంట. ఇక కాచమంటే, కాస్తే నీళ్లలో సారం పోద్దన్నారు. ఆ పొట్లాలు చింపి ఏ నీళ్లలో కలిపారో చెప్పండి చూద్దాం. ఆఖరి బిందె నీళ్లలోనే!

మా ఆడబిడ్డదీ ఆ వీధే. నేనొకసారి పోతే, "కొబ్బరినీళ్లలాగుంటయ్యి వదినా, మా కుళాయివి" అని చెంబుడు చేతికిచ్చింది. నేను మంచం పట్టా. చూడ్డానికి వచ్చి ఏమందో తెలుసా? "మా నీళ్లకేం కాదు వదినా, నీ ఒళ్లే సుకుమారం" అంది. నా ఒళ్లు! మూడు పుట్ల వడ్లు దంచిన ఒళ్లు! మా ఆడబిడ్డ పోయి ఏళ్లయింది, ఆ మాట మాత్రం నేనింకా మర్చిపోలా. సరే, కథలోకి వద్దాం.

ఒకనాడు పిల్లోడు మెడ వాల్చేశాడంట. కళ్లు లోపలికి పోయినయ్యి, ఏడిస్తే కన్నీళ్లు రాలా. మల్లేశ్వరీ మొగుడూ ఆటోలో వేసుకుని పట్నం ఆస్పత్రికి పరిగెత్తారు. సెలైన్లు ఎక్కించి ఎట్టాగో నిలబెట్టారు. డాక్టరు మల్లేశ్వరిని పిలిచి, "అమ్మాయ్, ఇది నీళ్లవల్ల వచ్చింది. వీడి ఒంట్లో ఇక సత్తువ లేదు. ఇంకోసారి ఇట్టా అయితే నువ్వు ఇక్కడిదాకా తెచ్చేలోపలే పోతాడు" అన్నాడంట. ఆ మాట కొంగున కట్టుకుని పిల్లోణ్ని భుజానేసుకుని మర్నాడు పొద్దున్నే ఊరికొచ్చింది. ఆటో దిగేసరికి వీధిలో జాతర.

ఏమైందంటే, ఆ పూట గురవమ్మ గుంతే లోతు. యలమంద కట్టేశాడు, అందరి కుళాయిలూ ఆగినయ్యి. మనవడొస్తన్నాడని ఈమె తోమిన బిందె తెచ్చి ఆఖరి నీళ్లకి పెట్టింది. గుడగుడా వచ్చినయ్యి. చూస్తే నీళ్లు నీలంగా ఉన్నయ్యంట! లేత నీలం కాదు, పండక్కి కిటికీలకేసే రంగులాగా నీలం. కెవ్వుమంది. "నా కుళాయికి చేతబడి చేసిందిరో, మా వియ్యపురాలే చేసిందిరో, నా మనవడి నీళ్లలో విషం కలిపిందిరో" అని వీధిలోకొచ్చి బిందె బోర్లించి గుండెలు బాదుకుంది. నాంచారమ్మ తడి చేతులతోనే బయటికొచ్చింది. "నోరు జాగ్రత్త వదినా! వాడు నీకే మనవడా, నాక్కాదా? నేను పొద్దుటినించీ మా ఆయన పంచెలకి నీలిమందు పెట్టుకుంటా నా గుంతకాడున్నా. నీ గుంత జోలికి ఎవరొచ్చారు?" అంది. అనేసి, తన చేతులు తను చూసుకుంది. మోచేతుల దాకా నీలం.

"ఆ నీలి నీళ్లు యాడ పారబోశావత్తా?" అని వెనకనించి మల్లేశ్వరి. అప్పుడు చూశారంట అందరూ దాన్ని. "యాడ పోస్తానే, నా గుంతలోనే" అంది నాంచారమ్మ. మల్లేశ్వరి పిల్లోణ్ని మొగుడి చేతికిచ్చి అత్త గుంతలోకి దిగింది. నీలి నీళ్లు పైపు మూతికాడ సుడి తిరుగుతా లోపలికి పోతన్నయ్యంట, నీళ్లు తాగే గొడ్డు గుటకలేసినట్టు. అరచెయ్యి అడ్డం పెట్టింది. చేతిని లాగింది పైపు. అర్థమైందా మీకు? అవదులే, ఇట్టా చెప్తా. ట్యాంకీనించి రావటం ఆగిపోయింది, పైపులో ఉన్న నీళ్లేమో లోతు గుంతలోకి జారిపోతా వెనక ఖాళీ చేస్తన్నయ్యి, ఆ ఖాళీలోకి ఎదురింటి గుంతలో మురుగుని పైపు పీల్చుకుంటది. ఎవరు లోతు తవ్వి గెలిస్తే వాళ్లకి ఎదుటోళ్ల మురుగు. అదీ ఆ గొప్ప బిందె! ఏ వాసనా లేదంట, తేటగా ఉంటదంట.

"అమ్మా, పిల్లోడికి ఏ బిందె నీళ్లు పట్టావు?" అని అడిగిందంట మల్లేశ్వరి. "ఆఖరిదేనే తల్లీ, తేటవి, వాడి కోసమే దాచా" అంది గురవమ్మ. "అత్తా, నీ గుంత లోతుగా ఉన్నప్పుడు నువ్వో?" "నేనూ ఆఖరిదేనే" అంది నాంచారమ్మ. "వాడి విరేచనాల గుడ్డలు ఎక్కడ ఉతికారు మీరిద్దరూ?" ఎక్కడ ఉతుకుతారు, గుంతల ఒడ్డునే గదా. మల్లేశ్వరి రెండు చెంబులు తెచ్చి, అత్త గుంతలో ఒకటి ముంచింది, అమ్మ గుంతలో ఒకటి ముంచింది. అత్త గుంతలోవి అమ్మ ముందు పెట్టింది, అమ్మ గుంతలోవి అత్త ముందు పెట్టింది. "తాగండి" అంది. "నా బిడ్డ ఇన్నాళ్లూ తాగినవే. మీరు ఒక్క గుక్క తాగండి, నేను నోరు మూసుకుని ఇంట్లోకి పోతా." గురవమ్మ చెంబు ఎత్తింది, మూతిదాకా తెచ్చింది, కిందపెట్టేసి చెంగు నోట్లో కుక్కుకుంది. నాంచారమ్మైతే చెంబు ముట్టుకోనే లేదు.

ఇక్కడితో బుద్ధొచ్చిందనుకుంటన్నారా? అప్పుడు మొదలైంది ఇంకో రగడ. గుంతలు పూడ్చాలి. సరే, ముందెవరు? "ఆమెని ముందు పూడ్చమను, నేను పూడిస్తే నీళ్లన్నీ ఆమే లాగేసుద్ది" అని ఈమె. "నాది ఇప్పుడు లోతు తక్కువ, లోతున్నోళ్లు ముందు పూడ్చాలి" అని ఆమె. మనవడు చావు దాకా పోయొచ్చి గడప మీద ఉన్నాడు, వీళ్లు లోతులు కొలుస్తన్నారు! చెంచయ్యొచ్చి, "మా గుంత శుభ్రంగా ఉంటది, మాదెందుకు పూడ్చాలి" అన్నాడంట. మొదటి గుంత తవ్విన పెద్దమనిషి! మల్లేశ్వరి పిల్లోణ్ని తీసుకుని మళ్లీ ఆటో ఎక్కింది. "అమ్మా, నీ ఇంటికీ రాను. అత్తా, నీ ఇంటికీ రాను. ఈ వీధిలో ఒక్క గుంత ఉన్నా నా కొడుకు ఈ వీధి తొక్కడు. మీరు వాణ్ని చూడాలంటే బస్సెక్కి రండి, చేతిలో మాత్రం నీళ్లు తేవద్దు" అని చెప్పి మొగుడితో పట్నం పోయి వాళ్ల చిన్నమ్మ ఇంట్లో కూర్చుంది.

అంతే, వీధిలో అరుపులు ఆగినయ్యి. వీళ్లు రెండు రోజులు ఓర్చుకున్నారో లేదో. మూడోనాడు నాంచారమ్మ గడప మీదనించి, "వదినా, మట్టి తట్ట ఉందా?" అని అడిగిందంట. గురవమ్మ తట్ట తెచ్చి ఇచ్చింది. ఒక తట్ట ఈ గుంతలో, ఒక తట్ట ఆ గుంతలో, ఒకళ్లకంటే ఒకళ్లు ముందు కాకుండా పోసుకుంటా పోయారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి చెంచయ్య ఇంటి మీద పడ్డారు. పారలు పట్టుకుని వచ్చిన ఇద్దరు ముసలోళ్లని చూసి వాడే పలుగందుకున్నాడంట. పైపులన్నీ పైకి లేపి, తలలు బిగించి, కింద నాపరాయి వేసుకున్నారు. నీళ్లు సన్నగానే వచ్చినయ్యి గానీ, దిగలాగేవాళ్లు లేరు గదా, అందరికీ ఒకటే సన్నం. యలమందని నిలదీస్తే ఇంకాసేపు వదలటం నేర్చుకున్నాడు. ముందే నిలదీసుంటే ఎవరాపారు?

గుంతలు పూడ్చిన మొదటి రోజు యలమంద కట్టేశాడు. వీధంతా ఆగింది. గురవమ్మదీ ఆగింది. బిందె సగమే నిండింది. ఆమె ఆ సగం బిందెని ముక్కు దగ్గర పెట్టుకుని చూసిందంట. బ్లీచింగు కంపు. పొయ్యి మీద పెట్టి కాచింది. మల్లేశ్వరికి కబురు పంపింది, "పిల్లోణ్ని తీసుకురా, నీళ్లు కంపు కొడుతున్నయ్యి" అని. మల్లేశ్వరి ఆ కబురు విని నవ్విందంట, నవ్వి బట్టలు సర్దుకుందంట. ఆ పిల్లోడిప్పుడు మీసాలొచ్చి లారీ తోల్తున్నాడు.

అయిపోయింది. ఎవరెట్టా మారారో నాకు తెలియదు, నేను చెప్పేది చెప్పా. చెంచయ్య మనవడు ఈమధ్య కుళాయికి మోటారు బిగించాడని విన్నా, వాళ్ల రక్తమే అంత, తవ్వకపోతే పీల్చాలి. ఇంతసేపు చెప్పి గొంతెండింది. ఏందమ్మాయ్, ఆ చెంబు? నీళ్లా? ఉంచు, ఉంచు, అక్కడ పెట్టు. తాగుతాలే. ముందు నన్ను చెయ్యిపట్టి లేపు, మీ కుళాయి ఎక్కడుందో చూపించు.