అంచుకు ఎర్ర దారం

వద్దు బావా, చాయ్ వద్దు. అటెండర్‌ను అటే పంపియ్. నిన్న భీవండిల బస్సెక్కినోన్ని, గిప్పుడే జగిత్యాలల దిగిన. మొఖం గూడ కడుక్కోలే. ముందుగాల ఒక్క మాట చెప్పు. నా బిడ్డ మోకాలి సంగతి మీ మేనేజ్‌మెంటోళ్లకు ఎవలు చెప్పిండ్రు?

అట్ల కిటికీల నుంచి గ్రౌండు దిక్కు చూడకు. నా దిక్కు చూడు.

ఇయ్యాల నువ్వు హెడ్‌మాస్టర్‌వి, నేను భీవండిల సాంచాల మీద బట్ట నేసే కూలోన్ని. అయినా సిరిసిల్లల ఒక్క గల్లీల పెరిగినోళ్లం గదా! గా నమ్మకంతోనే గదా, మా సంధ్య హైస్కూల్ల ఫుట్‌బాల్ కోచ్ కావాల్నంటే ఏమేం ఉండాల్నో ఊకె నీకే ఫోన్ చేసింది? పిల్లలను ఇక్కడ ఇడిచిపెట్టి నేనాడ బతుకుతున్న. తిన్నదా, పన్నదా, హాస్టల్ల తలుపు గొళ్లెం మంచిగ పడతదా... గిదే నా రంధి. నీకు యాష్టకొచ్చేదాక అడిగిన.

ముందు డిగ్రీ అన్నవ్. చేసింది. డిగ్రీతోని కాదు అంజయ్యా, బీపీఈడీ ఉండాలె అన్నవ్. గా ఎంట్రెన్సుకు ఉరికింది, ఎగిరింది, ఇనుప గుండు ఇసిరింది, సీటు తెచ్చుకున్నది. మళ్ల నువ్వే, కోచింగ్ లైసెన్స్ గూడ ఉంటే ఎవ్వడు కాదనడన్నవ్. డీ లైసెన్స్ కోర్సు చేసింది. పిల్లలకు దెబ్బ తాకితే ఏం చెయ్యాల్నో ఫస్టెయిడ్ నేర్చుకున్నది. ఇంకేమన్న తక్కువున్నదా బావా అంటే నవ్వినవ్. “ఇగ మా స్కూల్ పోస్టు నీ బిడ్డదే, పో” అన్నవ్.

గప్పుడే గదా నేను నోరు జారింది? కాదు కాదు, జారలే. కావాల్నని చెప్పిన.

ఆటల మోకాలు మెలివడ్డది. ఎవలకు తెల్వకుంట ముంబైకి తీస్కపోయి ఆపరేషన్ చేయించినం. చుట్టాల పెండ్లికి పోయింది అని ఇక్కడ అందరికీ చెప్పుకున్నం. పనికిరాని పిల్ల అంటరని భయం. డాక్టరేమో, మంచిగైంది, ఉరుకచ్చు, నేర్పచ్చు అన్నడు. కాయితం గూడ రాసిచ్చిండు. అయినా నా మనసుకు నిమ్మలం లేదు. రేపు ఎవలన్న, దాచిపెట్టి నౌకరి తీసుకున్నరంటే?

మన నేత పనిల ఎట్లుంటది బావా? పోగులు తెగి బట్టల సందు పడితే దాస్తమా? గాడ అంచుకు ఎర్ర దారం కట్టి ఇస్తం. సేటు దారం చూసి గా జాగ పక్కకు పెడతడు. బట్ట తానంత వాపసు కొట్టడు. మా నాయిన గట్లనే కట్టెటోడు. మీ నాయిన గూడ గట్లనే కట్టెటోడు. నేను నా బిడ్డకు గూడ దారం కట్టి నీ చేతుల పెట్టిన. “నా కడుపుల పెట్టుకుంట అంజయ్యా, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నవ్.

గంత చిన్నదా నీ కడుపు?

ఏందీ? స్కూల్ మంచికే చెప్పినవా? సరే, మంచికే అనుకో. మరి పూర్తిగ చెప్పాలె గదా! ఆపరేషన్ అయిందన్న మాట పోయింది. మంచిగైందన్న మాట యాడ పోయింది? దారం చూపెట్టినవ్, బట్ట చూపెట్టలే.

ఇంటర్వ్యూల పిల్ల కూసుండంగనే మీ మేనేజ్‌మెంటోళ్లు అడిగిండ్రట, “కుంటి కాలుతోని ఏం నేర్పుతవమ్మా?” అని. అది ఏడ్వలే బావా. లేసి నిలవడ్డదట. “గ్రౌండుకు పోదాం సార్, ఒక్క బంతి ఇయ్యుండ్రి” అన్నదట. నువ్వు గాడనే ఉన్నవ్. బంతి నీ అల్మారల ఉన్నది. ఇచ్చినవా?

గా పోస్టుల హరీశ్‌ను పెట్టుకున్నరట గదా. మా అనురాధ చెల్లె తమ్ముడే గదా, నీ బామ్మర్ది? బీపీఈడీ ఉన్నదా? ఆఁ, చేస్తడా! లైసెన్స్? అది గూడ చేస్తడా! వచ్చేటప్పుడు గేటు కాడ కలిసిండు. ఆఫ్‌సైడ్ అంటే ఏంది బాబూ అని అడిగిన. బంతి గీత దాటుడట! వీడు పిల్లలకు ఆట నేర్పుతడు, మంచిగున్నది.

ఇగో, ఫోన్. సంధ్యనే. కోరుట్లల దోస్తు రూముల పన్నదట, అన్నం ముట్టలేదట. ఎందుకు చేస్తున్నదో ఎరుకేనా? మోకాలి సంగతి మా ఇంట్లోళ్లకే తెలుసు అనుకుంటున్నది. తమ్ముడు వినోద్ యాడనో వాగిండని వాని మీద పడ్డది. అక్క మాట్లాడ్తలేదని వాడు ఏడుస్తున్నడు. ఏ పాపం తెల్వని పోరడు.

ఏం చెప్పాలె బావా? నీ పేరు చెప్పనా?

అరె, కుర్చీల నుంచి లేస్తున్నవెందుకు? కూసో. భయపడకు. నీ పేరు చెప్పినా అదడిగేది ఒక్కటే మాట. “గాయనకు ఎవలు చెప్పిండ్రు బాపూ?”

హలో... ఆఁ బిడ్డా. తమ్మున్ని ఏమనకు. చెప్పింది నేనే.