ఇంటి పెద్దను ముందు కూర్చోబెట్టిన కరుణాకుమారి గారు

1993 జూలై 5వ తేదీన శ్రీమతి కరుణాకుమారి గారు నెల్లూరులోని ఈ సంస్థ ట్రాక్టర్ల విభాగంలో గుమాస్తాగా చేరారు. స్వగ్రామం బోగోలు. కొద్ది ఏళ్లలోనే విక్రయ బాధ్యతలు స్వీకరించిన ఆమె, నాయుడుపేట ప్రాంతపు రైతులు ట్రాక్టరు చూడవచ్చినప్పుడు, వారి ఇంటి పెద్దను ముందుగా సీటు మీద కూర్చోబెట్టి, వారు దిగివచ్చి ఏమంటారో విన్న తరువాతే ధర చెప్పేవారు. 2013లో సంస్థ ఖరీదైన విదేశీ కార్ల షోరూము తెరిచి, ఆమెను సీనియర్ విక్రయాధికారిణిగా అక్కడికి పంపినప్పుడు, ఆ పద్ధతి కూడా ఆమె వెంటే వచ్చింది.

ఈ వ్యాసం రాయవలసింది, ఇరవై ఏళ్లు ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసిన టైటస్ గారు. గత వేసవిలో ఆయన కన్నుమూశారు. ఆయన ఇంట్లో చెప్పిన సంగతిని, బడిలో పాఠాలు చెప్పుకునే ఆయన భార్య ఇక్కడ రాస్తున్నారు.

2018లో కంపెనీ రెండే తలుపులతో, పైకప్పు మడిచేందుకు వీలైన కార్లు మూడు పంపింది. జనం వచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. ఎనిమిది నెలలైనా ఒక్కటీ కదలలేదు. 2019 మార్చి నెలాఖరులోగా ఒకటైనా అమ్మితేనే షోరూము మేనేజరు పదవి ఆమెకు దక్కుతుందని పై అధికారులు స్పష్టం చేశారు.

ఆ నెల చివరి శనివారం ముత్తుకూరు రొయ్యల రైతు నరేంద్రబాబు గారు, తల్లి ఆదిశేషమ్మ గారిని వెంటబెట్టుకుని, చెక్కు పుస్తకంతో వచ్చారు. కరుణాకుమారి గారు అలవాటు చొప్పున పెద్దావిడనే ముందుగా ఎక్కించబోయి, ముందు సీటు వంచి వెనక్కి ఎక్కమన్నారు. ఆవిడ ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయారు.

"ఏం నాయనా, నన్ను కోళ్ల గూట్లో దూరమంటావా?"

"నువ్వు ముందు కూర్చోమ్మా," అన్నారు కొడుకు.

"మరి కోడల్ని యాడ కూర్చోబెడతావు, నెత్తి మీదా?"

నరేంద్రబాబు గారు నవ్వేసి, చెక్కు పుస్తకం జేబులో పెట్టుకున్నారు.

వారు వెళ్లాక టైటస్ గారు ఉండబట్టలేకపోయారు. "అక్కా, ఈ ఒక్కపూటకి ఆమెను ఎక్కమనకుండా ఉంటే సరిపోయేది గదా. ఆయన సంతకం పెట్టేసుండేవాడు."

"ఇంటికి పోయినాక ఎక్కదా టైటస్? అప్పుడు కొడుకును ఏమనాల ఆమె?"

మేనేజరు పదవి మరొకరికి వెళ్లింది. అమ్మకాలు ఎందుకు నిరాశపరిచాయో సంజాయిషీ అడిగితే, కారులో లోపమేమీ లేదని, ఇక్కడివారు కారు కొనేది ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడానికని ఆమె రాసిచ్చారు. కార్లు మూడూ వేరే ఊళ్లకు తరలిపోయాయి. కొత్త మేనేజరు సుకుమార్ గారికి పని నేర్పింది ఆమే. ఆ నేర్పడంలో చిన్న పుల్లవిరుపు మాట కూడా దొర్లలేదని టైటస్ గారు చాలాసార్లు అనేవారు.

సంస్థ పత్రిక ఈ సంచికలో ఆమె పేరు కింద ఏ హోదా వేయాలని సుకుమార్ గారు సంకోచిస్తూ అడిగినప్పుడు, "ఉన్నదే వేయండి సార్. దానికేం తక్కువ?" అన్నారట. ముప్పై రెండేళ్ల సేవ తరువాత ఈ అక్టోబరు 31న అదే హోదాతో విరమిస్తున్న కరుణాకుమారి గారికి దేవుడు చక్కని ఆరోగ్యాన్ని, నిండైన ఆయుష్షును, ఏ నెలాఖరూ తొందరపెట్టని రోజులను ఇంకా ఎన్నో ఏళ్లపాటు అనుగ్రహించాలి.