బిజిలీ దునికిన పన్నెండు కట్టెలు

వానకు భద్రాచలం బస్సు ఎక్కడో ఆగిపోయిందని తెలిసింది గానీ, ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. టేకులపల్లి బస్టాండు ఎదురుగా నాగక్క చాయ్ హోటల్లో ఉన్నవే రెండు బల్లలు. వాటి మీద ఇరుక్కుని కూర్చున్నాం. బొగ్గుబాయి డ్యూటీ దిగొచ్చిన ఎల్లస్వామి, చుట్టాలింటికి వచ్చి వానలో చిక్కుకున్న తల్లాడ రైతు వెంకటప్పయ్య గారు, మూలన గొంగడి కప్పుకుని మాట్లాడకుండా చాయ్ తాగుతున్న తండా మనిషి ఒకాయన, ఇంకో నలుగురైదుగురం. అందరి మధ్యలో సారంగపాణి. ఖమ్మంలో పాతికేళ్ళు జట్కా తోలిన మనిషి. జట్కా పోయాక ఇక్కడికొచ్చి బాయి దగ్గర సైకిల్ స్టాండుకు కాపలా ఉంటున్నాడు.

వెంకటప్పయ్య గారు పాత పేపరు తిరగేస్తూ, గుర్రం దూకుతున్న ఫోటో ఒకటి చూసి, "ఏమయ్యా, గుర్రం నిజంగా ఇంత ఎత్తు ఎగురుతుందంటావా?" అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా.

అంతే. సారంగపాణి గ్లాసు కింద పెట్టాడు.

"గది ఎగురుడా వెంకటప్పయ్య గారూ? గడప దాటినట్టుంది. సూడున్రి, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఏదో ఒక్కసారి, ఒకే ఒక్క రోజు, ఆఫీసర్ల నడుమ గుర్రప్పందెంల నిలబడ్డ. గంతే. అంతకు మించి ఏం లేదు."

"అంతకు మించి లేకుంటే మంచిగనే ఉండు," అంది నాగక్క అల్లం దంచుతూ.

"నువ్ దంచు నాగక్కా, నేను చెప్త. ఎనభై నాలుగుల సంగతి. అప్పుడే ఖమ్మం స్టేషన్ కాడ ఆటోలు దిగినయ్. బండి దిగినోడు దిగినట్టే ఆటోల కూసుంటుండు, నా దిక్కు సూస్తలేడు. నా బిజిలీ, ఎర్ర గుర్రం, నుదుట తెల్లమచ్చ, పొద్దుగూకేదాక నిలబడి నిలబడి నిద్రపోతుండె. ఇంట్ల మా ఆదెమ్మ ఒక్కటే పోరు, గుర్రానికి ఉలవలు పెట్టుడా, పిల్లలకు బువ్వ పెట్టుడా అని. ఆఖరికి దలాలొకడు సోమవారం వచ్చి తోలుకపోత అన్నడు. వాడు గుర్రాలను తీస్కపోయి ఏం జేస్తడో మీరు అడగొద్దు, నేను చెప్పొద్దు. గసుంటి టైముల దిగిండు నా జట్కాల మేజరు దొర."

"ఏ మేజరు?" అన్నాడు ఎల్లస్వామి.

"మిలిట్రీల రిటైరయిండు. ఇల్లెందు దారిల అడివి మొదలయ్యే కాడ మామిడి తోట కొన్నడు, తోటల గుర్రపుశాల కట్టిండు. ఐతారం మా తోటల ఈవెంటింగు ఉంది, సామాన్లు తోలుకురా అన్నడు. నేను ఈవెంటింగంటే ఈవినింగు పెడతరేమో అనుకున్న. పొద్దుగాల్నే పెట్టిండ్రు! మూడు తీర్ల గుర్రప్పందెమంట అది. హైదరాబాద్ నుంచి దొరలు, దొరసానులు దిగిండ్రు. డాక్టరంట, వకీలంట, కాలేజీ ప్రిన్సిపాలంట. అందరు అమెచ్యూర్లు. అమెచ్యూరు అంటే ఏందో తెలుసా? కడుపు కోసం కాకుండ సరదా కోసం గుర్రమెక్కెటోళ్ళు. గంతల ఏమైంది, డాక్టరు దొర గుర్రానికి కడుపునొప్పి లేసింది. మనుషులకు మందిచ్చే డాక్టరు, గుర్రం పొట్ట పట్టుకొని నిలబడ్డడు. ఒక గుర్రం తక్కువైంది. మేజరు దొర నా బిజిలీ దిక్కు సూసి, ఇది దుంకుతదా అన్నడు. నేను కడుపు కోసం తోలెటోన్ని గద దొరా, మమ్ముల ఒప్పుకుంటరా అన్న. ఆ ముచ్చట గుర్రానికి చెప్పకు అన్నడు."

అందరం నవ్వాం. వెంకటప్పయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇంకో మాట గూడ అన్నడు. గుర్రాలు దుంకనీకె పన్నెండు కట్టెలు అడ్డం పెట్టిచ్చిన అడివిల, పన్నెండూ దాటితే నీ గుర్రం సచ్చేదాక నా శాలల ఉంటది, గుగ్గిళ్ళు నావి. దాటకపోతే నీ గుర్రం నీది, నీ సోమవారం నీది. ఇగ సూడున్రి, నా పానం ఎట్ల కొట్టుకున్నదో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలిస్తే నిన్నెందుకడుగుతం, చెప్పు," అన్నాడు ఎల్లస్వామి.

"మొదట డ్రెస్సాజు అన్నరు. నేను డ్రెస్సు అనుకొని ఇస్త్రీ అంగీ ఏసుకున్న. అది కాదంట. ముగ్గుతోని గీసిన మైదానంల గుర్రాన్ని ముద్దుగ నడిపియ్యాలె, గుండ్రంగ తిప్పాలె, ఆపమన్న కాడ ఆపాలె. మైదానం చుట్టు ఇంగ్లీషు అక్షరాలు పాతిండ్రు. నేను ఐదో తరగతి సదివిన గద, సూస్తె ఏ పక్కన బీ లేదు, కే ఉంది! గంత పెద్ద సదువులు సదివినోళ్ళు గిట్ల రాసిండ్రేంది అనుకుంటున్న, గంతల నా బిజిలీ పోయి కే పలకను నోటితోని పీకి పక్కకు పెట్టింది. బీ తెచ్చి పాతింది. ఆనుంచి సీ, డీ, అన్నీ వరసగ. జడ్జి దొరసాని లేసి టోపీ తీసింది. ప్రిన్సిపాలు దొర దగ్గరికొచ్చి, ఈ గుర్రం ఏ బడిల సదివింది, మా కాలేజీల సీటిస్త అన్నడు. జట్కా ఎవరు తోలుతరు దొరా అని నేనే వద్దన్న."

"మంచి పని చేశావు. చదువుకుంటే జట్కా లాగదు," అన్నారు వెంకటప్పయ్య గారు గంభీరంగా.

"అవ్ గద! ఇగ అసలు ముచ్చట. రెండోది అడివి దౌడు. ఒక్కొక్క కట్టె కాడ ఒక మనిషి, చేతిల జెండా, కాయితం. మొదటి కట్టె టేకు దూలం, నా నడుము దాకుంది. కళ్ళెం ఇట్ల అన్ననో లేదో, సుయ్యిమని దాటింది. రెండోది గడ్డివాము. మూడోది నీళ్ళు పారే ఒర్రె. నాలుగో కట్టె దాటేటాలకు ఎనుక ఏదో సప్పుడైతుంది. తిరిగి సూస్తె పులి!"

"పులి ఎందుకొచ్చింది?" అంది నాగక్క.

"గుర్రం వాసనకు. మరి అడివిల పెడితే పులి రాక ఇన్స్పెక్టరొస్తడా? నా ఎనుకాలనే అది గూడ దుంకుతుంది. నేను ఐదో కట్టె దాటిన, పులి ఐదో కట్టె దాటింది. నేను ఆరు, పులి ఆరు. ఏడో కట్టె కాడున్న జెండా మనిషి మహా నిక్కచ్చి మనిషి. ఎవరొచ్చిన రాసుడే ఆయన పని. పులికి గూడ నంబరేసిండు. కానీ ఎనిమిదో కట్టె కాడ పులి ఎనుక కాలు కట్టెకు తాకింది. మార్కులు కోసిండ్రు. పులి మొకం సిన్నబోయి గట్లనే అడివిలకు ఎల్లిపోయింది. నాకే పాపమనిపిచ్చింది."

ఎల్లస్వామికి చాయ్ పొలమారింది. ఎవరో వీపు మీద చరిచారు. మూలన గొంగడి మనిషి మాత్రం నవ్వలేదు. సారంగపాణి ముఖాన్నే చూస్తున్నాడు.

"తొమ్మిదోది రోడ్డు. గా టైముకే భద్రాచలం బస్సొచ్చింది. ఆపేది లేదు, పందెం గద. బస్సు మీంచే దునికిచ్చిన. కండక్టరు కిటికీలకెల్లి తల బయట పెట్టి, స్టేజీ కాని కాడ ఎక్కొద్దు అని లొల్లి. ఎక్కుతలేనయ్యా, దాటుతున్న అన్న. పదోది వాగు. వానలకు రెండు ఒడ్లు ఏకమై పారుతుంది. బిజిలీ ఎగిరింది. ఎగిరింది, ఎగిరింది, దిగుతనే లేదు! ఆకలైతే జేబుల పల్లీలుండె, తీసి ఒలుసుకొని తిన్న. పైనుంచి సూస్తె దూరంగ భద్రాద్రి గోపురం కనబడ్డది. కళ్ళెం ఇడిసి రెండు చేతులెత్తి మొక్కిన. పల్లీలు అయిపోయినయ్, ఒక నిద్ర తీసిన. అవతలి ఒడ్డున దిగేటాలకు గడ్డం ఇంత పెరిగింది. పదకొండో కట్టె కాడ మనిషి నన్ను గుర్తు పడ్తలేడు. పొద్దుగాల బయలెల్లిన సారంగపాణి నున్నగున్నడు, నువ్వెవరు అంటడు!"

"మరి ఎట్ల ఇడిసిండు?" అన్నాడు ఎల్లస్వామి.

"గుర్రాన్ని గుర్తు పట్టిండు. బిజిలీకి గడ్డం పెరగలే గద. పన్నెండోది గూడ దాటిన. ఇగ ఆఖరుది, మూడో పందెం, మైదానంల రంగు కట్టెలు దుంకుడు. దొరల గుర్రాలు దాటినయ్, నాది దాటింది. కట్టె మీద కట్టె పెట్టిండ్రు, దాటింది. కట్టెలు అయిపోయినయ్. కరెంటు స్తంభాలు పీకి తెచ్చి పెట్టిండ్రు, ఊరంత చీకటైంది, చీకట్ల గూడ దాటింది. ఆఖరికి మేజరు దొర నా కాళ్ళ మీద పడ్డంత పని చేసి, సారంగపాణీ, ఇగ ఎత్తుదమంటె పైన ఆకాశం లేదయ్యా, దిగు అన్నడు. దిగిన. గట్ల నా బిజిలీని దలాలు చేతిలకు పోకుండ, నా ఈ రెండు తొడల బలంతోని, ఈ రెండు చేతుల కళ్ళెంతోని కాపాడుకున్న. గంతే. చిన్న ముచ్చట."

 వెంకటప్పయ్య గారు పేపర్లో ఫోటోని మళ్ళీ ఒకసారి చూసుకుని, దాని మీద జాలిపడ్డట్టు తల ఊపారు.

అప్పుడు మూలనున్న ఆయన గొంగడి తీసి గోడకు పెట్టాడు. "అన్నా," అన్నాడు, "నా పేరు దేవ్‌సింగ్. ఆ మేజరు తోట పక్కన తండానే మాది. మొదటి కట్టె కాడ జెండా పట్టుకున్నది నేనే."

సారంగపాణి చేతిలో గ్లాసు సగంలో ఆగింది.

"మేజరు దొర మా తండాలకెల్లి పన్నెండు మందిని పిలిచిండు, కట్టెకొకరం," అన్నాడు దేవ్‌సింగ్. గొంతు పెంచలేదు. ఎగతాళి కూడా లేదు. "నువ్ మంచి జోరు మీద వచ్చినవ్. కట్టె ముంగల గుర్రం ఆగింది. నువ్ ఆగలే."

"అంటే?" అన్నాడు ఎల్లస్వామి.

"అంటే కట్టె దాటిండు. మంచిగ దాటిండు, ఎక్కడ తాకలే. గుర్రం ఇవతల ఉంది, అన్న అవతల తుమ్మ కంపల ఉన్నడు."

నాగక్క రోకలి వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది. బల్ల ఊగిపోయేటట్టు నవ్వారు జనం. దేవ్‌సింగ్ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగున్రి. గుర్రం ఒక్క నిమిషం ఈన దిక్కు సూసింది. కంపల బతికే ఉన్నడని తెలిసింది గావచ్చు. నాలుగడుగులు ఎనుకకు పోయింది. ఉరికొచ్చి కట్టె దునికింది. ముంగట దొరల గుర్రాలు పోయిన దారి పట్టి ఒక్కతే పోయింది. జట్కా లేదు, మనిషి లేడు, ఎన్నడు పోనట్టు పోయింది. తర్వాత మావోళ్ళందరు కాయితాలు తెచ్చి కలిపిండ్రు. పన్నెండు కట్టెలు దాటింది, ఒక్కటి తాకలే. పులి రాలే. గుర్రం మీద మనిషి లేడని పన్నెండు మందిమీ రాసినం."

సారంగపాణి తల దించుకున్నాడు. గ్లాసు అడుగున మిగిలిన చాయ్‌ని తిప్పుతూ కూర్చున్నాడు. నవ్వులు వాటంతట అవే తగ్గాయి. ఆయన మెల్లగా తలెత్తి, "పన్నెండు దాటిందా లేదా?" అన్నాడు.

"దాటింది."

"ఒక్కటి తాకిందా?"

"తాకలే అన్నా."

"ఇన్నరా!" అని మా అందరి వైపు తిరిగాడు సారంగపాణి. గొంతు మళ్ళీ లేచింది. "పులి సంగతి పక్కకు పెట్టున్రి. గుర్రం ఎవరిది? ఇన్నేళ్ళు తోలినోడెవడు? మనిషి లేకుండ దాటాలెనంటె దానికి గంత తర్ఫీదు ఎవడిచ్చిండు? దొరలు మీదుండి తోలిండ్రు, నేను కంపలకెల్లి తోలిన! అసలు కావాల్నని దిగిన. బరువు తగ్గియ్యనీకె."

"మరి దొర గుర్రాన్ని ఉంచుకున్నాడా?" అని అడిగారు వెంకటప్పయ్య గారు. ఈసారి నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"ఉంచుకున్నడు," అన్నాడు దేవ్‌సింగ్. "మనిషి లేకుంటే లెక్కకు రాదని డాక్టరు దొర ఒక్కటే తకరారు. నేను మాటిచ్చింది గుర్రం దాటితే అని, మనిషి దాటితే అని కాదు అన్నడు మేజరు. ఇప్పటికి ఆడనే ఉంది, మామిడి చెట్ల కింద. అన్న రెండు కాళ్ళ ముండ్లు తీస్కుంట, నా భుజం పట్టుకొని కుంటుకుంట వచ్చేటాలకు గుర్రం ఆఖరు కట్టె కాడ గడ్డి మేస్తుంది. గుర్రాన్ని ఉంచుకుంటనని మేజరు చెప్పంగనే దాని మెడ కౌగిలిచ్చుకొని ఏడ్సిండు. చిన్న పోరడు ఏడ్సినట్టు. గంత మంది దొరల ముంగట. అది నేను కండ్లార సూసిన."

ఎవరూ నవ్వలేదు. దూరంగా బస్సు హారన్ వినపడ్డా ఎవరూ లేవలేదు.

సారంగపాణి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏడ్సుడేంది? మేజరు దొర నా కాళ్ళ మీద పడంగ ఏడ్వనోన్ని, గుర్రాన్ని సూసి ఏడుస్తనా? గుర్రం తోక ఇసిరింది, దుమ్ము లేసి కంట్ల పడ్డది. గంతే."

దేవ్‌సింగ్ గొంగడి మళ్ళీ కప్పుకుంటూ అడిగాడు.

"రెండు కండ్లల్ల పడ్డదా అన్నా?"