గుండేరావు వకీల్‌తోని నేనన్న మాట

వకీల్ చదువుతున్నవంట గద బిడ్డ, మీ నాయన చెప్పిండు. కూసో. వకీల్ అంటే మాకు గుండేరావే. వికారాబాద్ స్టేషన్ గేటు తాన నాకు చాయ్ బండి ఉండె. తాండూరు అదాలత్‌కు పోయే రైలు కోసం ఆయన పొద్దుగాల ఆడనే నిలబడుతుండె. ఎవ్వలు పట్టని కేసులన్నీ ఆయనయే. పెండ్లాన్ని సంపిండన్నోని దిక్కు ఆయనే, ఎడ్లు దొంగిలిచ్చిండన్నోని దిక్కు ఆయనే. జనం దొంగల వకీలని పేరు పెట్టిండ్రు. నేను గూడ అన్న, ఎందుకు అబద్ధం, నలుగురితో నారాయణ. ఆయనేమో, దొంగని తేలినంక దొంగ అందం తియ్యి, అని నవ్వుతుండె.

పోలీస్ యాక్షన్ అయినంక, నలభై తొమ్మిదో యాభయ్యో... ఏదో ఒకటి. దానికి ముందు తాండూరు దిక్కు ఒక ఊర్ల రజాకార్లొచ్చి పట్టపగలే పటేల్ గడ్డివాముకు అగ్గి పెట్టిండ్రు, ఆడ పండుకున్న జీతగాడు కాలిపోయిండు. తోవ చూపిచ్చింది సర్కారుకు లెవీ గల్లా, అంటే గింజలు, వసూలు చెయ్య తిరిగే చప్రాసి ఖాజామియ అని పట్టిండ్రు. లెవీ అంటే అందరికి మంటనే గద, నాకు గూడ. ఏ వకీల్ ముట్టలే. గుండేరావు ముట్టిండు. ఆయన సొంత తమ్ముని కాలు ఇరగ్గొట్టింది రజాకార్లే, బిడ్డ. ఆ తమ్ముడు అన్నతోని మాట బంద్ చేసిండు.

ఇగ అసలు ముచ్చట. అగ్గి పడ్డ దినమంత ఖాజామియ నా బండి పక్కన పండుకోనుండె. జరమొచ్చి, రైలు తప్పి, గొంగడి కప్పుకొని. గడబిడ రోజులాయె, స్టేషన్‌ల పిట్ట లేదు, చూసింది నేనొక్కన్నే. గుండేరావు మా ఇంటికొచ్చిండు. బాపనాయన, మా ఆమె ఇచ్చిన నీళ్లు తాగిండు. "హన్మయ్యా, ఆ దినం ఆడు నీ తాననే ఉన్నడంట గద" అన్నడు. ముందటి దినమే పటేల్ మనిషొచ్చి, బండి నడుపుకుంటవా, సాక్ష్యం చెప్పుకుంటవా, అని అడిగిపోయిండు. నాకు ఇద్దరు పిల్లలు. "యాదికి లేదు సాబ్" అన్న.

చెంబు కింద పెట్టి లేసి పోయిండు. సమన్ పంపితే పోవాల్సొస్తుండె, పంపలే. నాతోని ఒట్టేపిచ్చి అబద్ధమాడిపిచ్చుడెందుకు అనుకున్నడేమో, నేనడగలే. ఖాజామియకు పదేండ్లు పడ్డది. నాలుగో ఏడు జైల్లనే పోయిండు.

ఆయన మాత్రం రోజు నా తాననే చాయ్ తాగుతుండె. ఒక్కనాడన్న తిడితే నా పానం నిమ్మళమయ్యేది. తిట్టలే. పన్నెండేండ్లు. అరవై రెండుల, కండ్లు మసకలొచ్చి అదాలత్ బంద్ చేసే దినం, ఈసారి వానల్లేవని మాట్లాడుకుంట మాట్లాడుకుంట, "ఆ దినం ఖాజామియ ఏమన్న తిన్నడా, హన్మయ్యా?" అన్నడు. నేను కప్పులు కడుగుతున్న, తలకాయ ఎత్తలే.

"ఏం తినలే సాబ్. పాలు లేని చాయ్ రెండు మాట్ల ఇచ్చిన, రెండు మాట్ల కక్కిండు."

అన్నంక సమజైంది ఏమన్ననో. ఆయన చాయ్ మొత్తం తాగి, "వాని పెండ్లాం పరిగిల ఉంటది. నా మొగడు ఆడ లేడు గద అని ఇంక అడుగుతనే ఉంటది. గీ మాట చెప్పొస్త" అని పోయిండు.

...

మీ కంది పూతకొచ్చిందా బిడ్డ?