మధ్య మొగ్గ గిల్లినవాడు

ఏమిటమ్మాయ్ ఆ కార్డు? చామంతుల ప్రదర్శనా? మొక్కల సంఘం వాళ్ళు ఇంకా బతికే ఉన్నారన్నమాట! నేను రాను. ఎందుకేమిటి, మీ తాత వల్ల, ఇంకెవరి వల్ల? నవ్వకు. మా చెల్లెలి మొగుడని కాదు గానీ, ఆ టైలరు మహానుభావుడంత మొండిఘటాన్ని నేను మళ్ళీ చూడలేదు. నన్నంటావేం? నేను మొండివాణ్ణి కాదు, మాట మీద నిలబడేవాణ్ణి. రెండూ వేరు.

విను మరి. ఏటా ఎండలు తగ్గి చలి ఇంకా ముదరని రోజుల్లో సంఘం హాల్లో అందరం కలిసేవాళ్ళం. పొడుగు బల్లలు, తెల్ల గుడ్డలు, వాటి నిండా కుండీలు. ఆ గుడ్డల అంచులు కుట్టిందీ మీ తాతే, ఓ పక్క వంకర... సరే, అదొదిలెయ్. అందులో ఒంటి పువ్వు పోటీ ఒకటి. మొక్కకి ఒక్కటే పువ్వు ఉండాలి. పక్కన ఏ మొగ్గ తల ఎత్తినా గోటితో గిల్లెయ్యాలి, బలమంతా మధ్య మొగ్గకే పోవాలి. అప్పుడది అన్నం పళ్ళెమంత పూస్తుంది. మీ తాతకి ఇది గిట్టదు. పొద్దస్తమానం కత్తెర పట్టుకుని గుడ్డలు పరపరా కోసేవాడికి మొగ్గ గిల్లడానికి చెయ్యి రాదట! బొత్తాలంత పూలున్న గుబురు పొద తెచ్చి బల్ల చివర పెట్టి, "నా సంతానం, బావా" అని పళ్ళికిలించేవాడు.

నేను మూడేళ్ళు వరసగా పళ్ళ డాక్టరు చేతిలో ఓడి రెండో బహుమతి తెచ్చుకున్నాను. నాలుగో ఏడు చూడాలి నా మొక్కని! కాడే పెన్సిలంత. సరిగ్గా అప్పుడే నాకు పేగు జారింది, ఆపరేషనన్నారు. పది రోజులు ఆసుపత్రి. మంచం మీంచే చెప్పాను: "బావా, మధ్యది ఉంచు, పక్కవి గిల్లు. అంతే." "ఓస్, ఇంతేనా, నే చూసుకుంటాగా" అన్నాడు. ఇంటికొచ్చి చూద్దును కదా, మధ్యది లేదు! పక్కవి పదకొండు, శనగగింజలంతేసి, హాయిగా ఉన్నాయి. ఏం చేశావయ్యా అంటే తల గోక్కుని ఏమన్నాడో తెలుసా? "గోరు పెట్టి చూశాను బావా. పదకొండు మందిని చంపేకంటే ఒక్కణ్ణి... అయినా అందరి కూడూ తినేస్తున్నది వాడే కదా!"

కుట్లు ఊడిపోయేంత కోపం వచ్చింది నాకు. "తప్పయింది అని ఒక్క మాట అను" అన్నాను. "తప్పేముంది, పదకొండు పూస్తాయిగా" అన్నాడు. ఆ మాట అనేదాకా నీతో మాట్లాడనన్నాను. మాట్లాడలేదు. వాడా, ఏమీ జరగనట్టు ప్రతి ఆదివారం పదింటికల్లా సైకిలేసుకుని దిగేవాడు. వసారాలో కుర్చీ లాక్కుని, వాన గురించీ, ఏ కాలరూ కుదరని ఎవడో లావుపాటి కంట్రాక్టరు గురించీ వాగుతూనే ఉండేవాడు. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

మరుసటి ఏడు కప్పు నాకే వచ్చింది. హాలంతా చప్పట్లు. అందరూ ఆపేశాక కూడా ఒకడు కొడుతూనే ఉన్నాడు, ఎవడో చెప్పక్కర్లేదుగా. దగ్గరికొచ్చి "పువ్వు బాగుంది బావా" అన్నాడు. అదా నేనడిగిన మాట? కప్పు చంకలో పెట్టుకుని వాడి పక్కనుంచే వెళ్ళిపోయాను. అక్కడికి పన్నెండో రోజున, వాడు మిషను దగ్గరే, సగం కుట్టిన చొక్కా మీద తల వాల్చేసి...

చూశావా? తప్పయిందని ఒక్క ముక్క అనుంటే వాడి సొమ్మేం పోయేది? అనేసి పోవచ్చుగా! ఆ తర్వాత మీ నానమ్మ అడిగింది, "అన్నయ్యా, ఏడాది పాటు ఆయన వస్తే ఒక్కసారైనా తలెత్తి చూశావా?" అని. చూడకేం! పది దాటి అయిదు నిమిషాలైతే గేటు దాకా వెళ్ళి వీధి చివరికి చూసేవాణ్ణి. సైకిలు మలుపు తిరగగానే గబగబా వచ్చి పేపరు తీసేవాణ్ణి...

ఏం చూస్తావలా? కాఫీ చల్లారిపోయింది. వేడి చేసుకురా, పో.